రక్తదాతల షీటు లింకు ఊరంతా తిరుగుతోంది, ఎక్కడి నుంచి సర్దాలి?

కరకట్ట

నమస్కారం అండీ. గుంటూరు జిల్లాలో ఒక మండల కేంద్రం, దాని చుట్టుపక్కల పల్లెల్లో నడిచే రక్తదాతల గ్రూపు గురించి అడుగుతున్నాను. సొసైటీగా రిజిస్టర్ కాలేదు, డబ్బు వ్యవహారం అసలే లేదు. దాతలు 600 పైచిలుకు, కో-ఆర్డినేటర్లు తొమ్మిది మంది.

వివరాలన్నీ ఒకే గూగుల్ షీటులో ఉన్నాయి: పేరు, తండ్రి పేరు, ఫోన్, పుట్టిన తేదీ, ఇంటి అడ్రసు, బ్లడ్ గ్రూపు, సగం మందికి ఆధార్ నంబరు, చివరగా రక్తం ఇచ్చిన తేదీ, ఆఖర్న రిమార్క్స్ కాలమ్. షీటు "లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు" అనే సెట్టింగులో ఉంది. ఆ లింకు చేతులు మారి ఆసుపత్రుల దగ్గర పేషెంటు బంధువులకు చేరిపోయింది. ఆడవాళ్ళకు వేళాపాళా లేని కాల్స్ వస్తున్నాయి, కొందరు పేర్లు తీసేయమంటున్నారు.

షీటును ఎలా సర్దాలి? ఏ వివరాలు ఉంచాలి? కొత్త డేటా చట్టం మాలాంటి చిన్న గ్రూపులకు వర్తిస్తుందా? వాట్సాప్ గ్రూపులు మూడు ఉన్నాయి, వాటినేం చేయాలి?

షీటు మాస్టారు

ఇవాళే చేయాల్సింది ముందు చెప్తాను. షేర్ బటన్ నొక్కి జనరల్ యాక్సెస్‌ను రెస్ట్రిక్టెడ్‌కు మార్చండి. అదే పెట్టెలో పైన మెయిల్ ఐడీలతో విడిగా చేర్చిన వాళ్ళ పేర్లు ఉంటాయి. ఒక్కొక్కరినీ చూసి, ఇప్పుడు పని చేయని వాళ్ళను తీసేయండి. ఇప్పటికే కాపీ చేసుకున్న వాళ్ళ దగ్గర ఉన్నది మాత్రం మీ చేతిలో లేదు, దాని సంగతి దాతలకే చెప్పుకోవాలి.

తర్వాత చాలామంది చేసే పని: ఆధార్ కాలమ్‌ను డిలీట్ చేసి హమ్మయ్య అనుకోవడం. వెర్షన్ హిస్టరీలో (షీటు పాత రూపాలన్నీ దాచి ఉంచే చోటు) అది భద్రంగా ఉంటుంది, ఎడిట్ హక్కు ఉన్న ఎవరైనా పాత తేదీకి వెళ్ళి చూడగలరు. కాలమ్‌ను హైడ్ చేయడం అంతకన్నా దండగ. చూసే హక్కు మాత్రమే ఉన్నవాళ్ళు కూడా "మేక్ ఎ కాపీ" కొట్టి ఆ కాపీలో అన్‌హైడ్ చేసుకుంటారు. కొన్ని గడులకు తాళం వేసే ప్రొటెక్ట్ రేంజ్ దిద్దకుండా ఆపుతుంది గాని చూడకుండా ఆపదు.

అందుకని కొత్త ఫైలు తెరిచి, కావలసిన కాలమ్‌లు మాత్రం వాల్యూస్‌గా పేస్ట్ చేయండి. పాత ఫైలును ట్రాష్‌లో వేయండి. ఊరుకుంటే అక్కడ 30 రోజులు ఉంటుంది కాబట్టి ట్రాష్‌లోంచి కూడా తీసేయండి. పేర్లు గూగుల్ ఫారంతో తీసుకుని ఉంటే ఇంకో ప్రతి ఫారం రెస్పాన్సెస్ ట్యాబ్‌లో విడిగా ఉంటుంది. షీటులో వరుస తీసేస్తే అది పోదు, అక్కడికి వెళ్ళి చెరపాలి. ఫారం సెట్టింగుల్లో "వ్యూ రిజల్ట్స్ సమ్మరీ" ఆన్‌లో ఉందేమో కూడా చూడండి. ఆన్‌లో ఉంటే, నింపిన ప్రతివాళ్ళకీ మిగతావాళ్ళ జవాబులు కనిపిస్తాయి.

కొత్త షీటుకు ఆరు కాలమ్‌లు చాలు: పిలిచే పేరు, ఫోన్, బ్లడ్ గ్రూపు, ఊరు లేదా వార్డు, పుట్టిన సంవత్సరం, "ఈ తేదీ తర్వాత పిలవొచ్చు". అంతే. రక్తం తీసుకునే ముందు బరువు 45 కిలోలు ఉందా, హిమోగ్లోబిన్ 12.5 ఉందా, వయసు 18కీ 65కీ మధ్య ఉందా అని చూసే బాధ్యత బ్లడ్ బ్యాంకుది. దాని రికార్డులు ఐదేళ్ళు ఉంచాల్సిందీ వాళ్ళే. ఆ పని మీరు నెత్తిన వేసుకోనక్కర్లేదు. ఆధార్‌తో మీకు పనే లేదు.

ఆరో కాలమ్ గురించి కాస్త చెప్పాలి. చివరగా ఇచ్చిన తేదీ రాసుకుంటే, మగవాళ్ళకు 90 రోజులు, ఆడవాళ్ళకు 120 రోజులు లెక్క వేయడానికి ఆడా మగా అనే కాలమ్ కూడా కావాలి. పచ్చబొట్టు వేయించుకున్నారు, బాలింతగా ఉన్నారు, మందులు వాడుతున్నారు అని రాయడానికి రిమార్క్స్ కావాలి. ఇవన్నీ దేనికి? ఫలానా మనిషిని ఫలానా రోజు పిలవొచ్చా లేదా తెలుసుకోవడానికే. కాబట్టి లెక్క అప్పుడే వేసి తేదీ ఒక్కటే రాయండి. జనవరి 10న రక్తం ఇచ్చిన అబ్బాయికి ఏప్రిల్ 10. బ్లడ్ బ్యాంకు వాళ్ళు ఏడాది ఆగమన్నవాళ్ళకు వచ్చే ఏడాది తేదీ. రేపు షీటు బయటపడినా ఎవరికి ఏ జబ్బో, ఎవరు గర్భవతో అందులోంచి ఎవరూ పట్టుకోలేరు.

తొమ్మిది మందికీ మొత్తం లిస్టు అవసరం ఉండదు. ఏరియాకు ఒక ఫైలు పెట్టండి. ట్యాబులుగా కాదు, విడి ఫైళ్ళుగా, ఎందుకంటే షేరింగ్ ఫైలుకే గాని ట్యాబుకు ఉండదు. ఇంపోర్ట్‌రేంజ్ ఫార్ములాతో మాస్టర్ షీటులోంచి లాగుదామని ఎవరైనా సలహా ఇస్తారు, వినకండి. ఒకసారి అనుమతి ఇచ్చాక, ఆ చిన్న ఫైలులో ఎడిట్ హక్కు ఉన్నవాళ్ళు ఫార్ములా మార్చి మాస్టర్‌లోని ఏ కాలమ్ అయినా లాగేసుకోగలరు.

టెంటు కింద టేబుల్

రిమార్క్స్ కాలమ్ అన్న మాట చూడగానే గుండె జారింది. దాన్ని ఈ రాత్రికి రాత్రే తీసేయండి.

దానం చేసిన ప్రతి యూనిట్‌కూ బ్లడ్ బ్యాంకు ఐదు పరీక్షలు చేస్తుంది: హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా. తేడా కనిపిస్తే వాళ్ళు దాతను విడిగా పిలిచి మాట్లాడతారు. ఆ మాట మీ కో-ఆర్డినేటరుకు దాత నోటి నుంచి చేరొచ్చు, క్యాంపులో పరిచయమున్న ఉద్యోగి నోరు జారినా చేరొచ్చు. "బి పాజిటివ్" అని బ్లడ్ గ్రూపు ఉన్న వరుసలోనే రిమార్క్స్‌లో ఇంకో "పాజిటివ్" అని రాసి పెట్టిన షీట్లు ఉంటాయి. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. నమ్మకంతో చెప్పిన ఆ సంగతిని మనిషి అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని అది నిషేధిస్తుంది. మంచి ఉద్దేశంతో రాశాం అన్నది అక్కడ పనికిరాదు.

అలాంటి దాతను ఇక పిలవకూడదంటే ఏం చేయాలి? వరుస తీసేయాలి. కానీ తీసేసి ఊరుకుంటే వచ్చే నెల ఎవరో పాత ఎక్సెల్ ఫైలు అప్‌లోడ్ చేస్తారు, ఆ నంబరు మళ్ళీ లిస్టులోకి వస్తుంది. దానికి "పిలవొద్దు" అని ఒక ఫైలు పెట్టండి. అందులో ఫోన్ నంబర్లు తప్ప పేరు, కారణం, తేదీ ఏమీ ఉండకూడదు. ఊరు వదిలినవాళ్ళు, 65 దాటినవాళ్ళు, ఇష్టం లేదన్నవాళ్ళు, అందరూ అందులోకే. అన్ని రకాలవాళ్ళూ కలిసి ఉంటేనే ఎవరు ఎందుకు ఉన్నారో చూసినవాళ్ళకు తెలియదు.

క్యాంపుల్లో ఇంకో పొరపాటు టేబుల్ మీద తెరిచి పెట్టే రూళ్ళ పుస్తకం. వరుసలో నిలబడ్డ ప్రతివాళ్ళకీ పైనున్న ఇరవై మంది పేర్లు, నంబర్లు కనిపిస్తాయి, ఫోటో తీసుకుని పోయేవాళ్ళూ ఉంటారు. పుస్తకం బదులు ఏ5 సైజు చీటీలు ఇవ్వండి. మనిషికి ఒకటి, నింపాక మూత ఉన్న డబ్బాలో వేయాలి. ఆ సాయంత్రమే ఇద్దరు కూర్చుని ఎక్కించేసి చీటీలు చింపేయండి. ఊరికే పడేస్తే మిర్చి బజ్జీల పొట్లాలుగా తిరిగొస్తాయి. చీటీ మీద రెండు టిక్కులు విడివిడిగా ఉండాలి: ఒకటి రక్తం కోసం పిలవడానికి, ఇంకోటి ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టడానికి. మొదటిదానికి సరే అన్నవాళ్ళు రెండోదానికీ సరే అన్నట్టు కాదు.

రాత్రి డ్యూటీ

అంతా బాగానే ఉంది గాని, అక్కడ ఆపరేషన్ థియేటరులో మనిషి ఉంటే ఇక్కడ పర్మిషన్లు, టిక్కులు అంటూ కూర్చోవాలా? లిస్టు ఇచ్చేస్తే పేషెంటు వాళ్ళే ఫోన్లు చేసుకుంటారు, అరగంటలో పని అవుతుంది. మధ్యలో కో-ఆర్డినేటరు ఫోన్ ఎత్తకపోతే ఎవరిది బాధ్యత?

ఓరుగల్లు కోట

అన్నా, అడిగింది న్యాయమైన ప్రశ్ననే. కానీ లెక్క ఉల్టా ఉంటది. నలభై నంబర్లు చేతికిస్తే పేషెంటు తాలూకు వాళ్ళు నలభై మందికీ ఫోన్ చేస్తరు. ఇద్దరు దొరికినంక కూడా మిగిలినోళ్ళకు కాల్స్ ఆగవు, ఎందుకంటే ఆ లిస్టు అప్పటికే ఇంకో వార్డుకు పోయి ఉంటది. నెల రోజులు ఇట్లయితే దాతలు తెలియని నంబరు ఎత్తుడే బంద్ చేస్తరు. అప్పుడు నిజంగ అవసరం పడ్డ రోజు ఎవ్వరూ దొరకరు.

పద్ధతి ఇట్ల పెట్టుకోండి. గ్రూపుకు ఒక్క నంబరు, దాని మీద వాట్సాప్ బిజినెస్. రోజుకు ఇద్దరు డ్యూటీల ఉండాలె, ఒకరు ఎత్తకుంటే కాల్ ఇంకొకరికి ఫార్వర్డ్ అయ్యేటట్టు. రిక్వెస్ట్ వస్తే అడగాల్సినవి: బ్లడ్ గ్రూపు, ఎన్ని యూనిట్లు, ఏ బ్లడ్ బ్యాంకుల ఇయ్యాలె, ఏ టైముకల్ల, తోడున్నోళ్ళ నంబరు. పేషెంటు పేరు బ్లడ్ బ్యాంకు కాగితం కోసం కావాలె గాబట్టి అడగండి, కానీ రోగం ఏందని అడగొద్దు, రిపోర్టు ఫోటో పంపమనొద్దు. ఆసుపత్రికి ఫోన్ చేసి రిక్వెస్ట్ నిజమా కాదా చూసినంక దగ్గరున్న నలుగురైదుగురు దాతలకు డ్యూటీ మనిషే ఫోన్ చెయ్యాలె. వస్తనన్న దాతకే తోడున్నోళ్ళ నంబరు ఇయ్యండి. దాత నంబరు అవతలోళ్ళకు ఇయ్యొద్దు. దాత కావాల్నంటే తనే చేస్తడు.

అవతలి వైపు కూడా చూడాలె. "అర్జెంట్ బ్లడ్" అని పేషెంటు ఇంటోళ్ళ నంబరు పబ్లిక్‌గ పెడితే మోసగాళ్ళు ఫోన్ చేస్తరు: "నేను దాతను, బయల్దేరిన, ఆటోకు వెయ్యి ఫోన్‌పే చెయ్యండి" అని. పైసలు పోతయి, మనిషి రాడు. గందుకే పోస్టుల గ్రూపు నంబరే ఉండాలె. పోస్టు ఈ తీరుగ పెట్టండి:

"బి నెగటివ్, 2 యూనిట్లు. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి బ్లడ్ బ్యాంకు. ఫలానా తేదీ రాత్రి 8 లోపు. రాగలిగినవారు గ్రూపు నంబరుకు మెసేజ్ చేయండి. ఈ టైము దాటాక ఎవరికీ పంపకండి."

తేదీ, టైము లేని మెసేజ్ ఏండ్ల తరబడి తిరుగుతది. పేషెంటు డిశ్చార్జ్ అయి ఇంటికి పోయినా ఫోన్లు ఆగవు.

ఇగ మీ మూడు వాట్సాప్ గ్రూపులు. మామూలు గ్రూపుల 1024 మంది దాకా పడతరు, ఒకరి నంబరు ఇంకొకరికి కనబడతది. గ్రూపుల చేరిన ఏ మనిషైనా అన్ని నంబర్లు ఎత్తుకపోవచ్చు. దాతలను అందుల పెట్టొద్దు. కమ్యూనిటీ పెట్టి, దాని అనౌన్స్‌మెంట్ గ్రూపుల ఉంచితే మెంబర్ల నంబర్లు అడ్మిన్లకే కనబడతయి. చానెల్ అయితే ఫాలోవర్ల నంబర్లు ఒకరికొకరికి కనబడవు. బ్రాడ్‌కాస్ట్ లిస్టు కూడా పనికొస్తది గాని ఒక లిస్టుకు 256 మందే, అదీ మీ నంబరు సేవ్ చేసుకున్నోళ్ళకే చేరతది. మామూలు గ్రూపు కో-ఆర్డినేటర్లకు ఒక్కటి ఉంచండి. అందుల డిసప్పియరింగ్ మెసేజెస్ 7 రోజులకు, అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ ఆన్. ఇది ఆన్ చేస్తే చాట్ ఎక్స్‌పోర్ట్ కాదు, ఫోటోలు వాటంతటవే గ్యాలరీలకు దిగవు. స్క్రీన్‌షాట్ ఆపలేదు, అది గుర్తుంచుకోండి.

ఒక చిన్న ముచ్చట: కో-ఆర్డినేటర్లు ఫోన్ల "ఓ నెగ్ బస్టాండ్ మేడం" అని సేవ్ చేస్తరు. ఫోన్ల ఏదన్న కాలర్ ఐడీ యాప్‌కు కాంటాక్టుల పర్మిషన్ ఇచ్చి ఉంటే ఆ పేరు అటు పోయే చాన్సు ఉంటది. ఫోన్ల సేవ్ చేయకుండ షీటులకెళ్ళి చూసి కొట్టుడే మేలు.

వకాల్తా

చట్టం సంగతి. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి. సమ్మతి, నోటీసు, భద్రత లాంటి ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు, అంటే 2027 మే. ఆ లోపు సర్దుకోవడానికి మీకు సమయం ఉంది.

రిజిస్టర్ కాలేదు కాబట్టి వర్తించదు అనుకోకండి. రిజిస్టర్ అయినా కాకపోయినా నలుగురు కలిసిన సంఘం కూడా ఈ చట్టం దృష్టిలో "వ్యక్తి"యే. సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే వివరాలకు మినహాయింపు ఉంది గాని 600 మంది దాతల లిస్టు ఇంటి అవసరం కిందకు రాదు. కాగితం పుస్తకం ఒక్కటే ఉంటే ఈ చట్టం పట్టించుకోదు, దాన్ని షీటులోకి ఎక్కించిన క్షణం నుంచి పట్టించుకుంటుంది. రక్షణ ఏర్పాట్లు చేయకపోతే జరిమానా గరిష్ఠంగా 250 కోట్లు అని రాసి ఉంది. ఊరి గ్రూపుకు అంత వేస్తారని నేను అనుకోను, తప్పు తీవ్రత చూసి నిర్ణయించాలని అందులోనే ఉంది.

ప్రాణాపాయంలో వైద్య అవసరానికి సమ్మతి లేకుండానే వివరాలు వాడుకోవచ్చని ఏడో సెక్షన్‌లో ఉంది. "రాత్రి డ్యూటీ" గారు చెప్పిన పరిస్థితికి అది ఆ క్షణాన పనికొస్తుంది. ఏళ్ళ తరబడి లిస్టు దాచుకోవడానికి దాన్ని అడ్డం పెట్టుకోవడం కుదరదని నా అభిప్రాయం. దానికి సమ్మతే కావాలి. నోటీసు తెలుగులో ఇవ్వొచ్చు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషలన్నిట్లో ఇచ్చే వీలుంది. ఇలా రాస్తే సరిపోతుంది:

"నా పేరు, ఫోన్ నంబరు, బ్లడ్ గ్రూపు, ఊరు, పుట్టిన సంవత్సరం, మళ్ళీ పిలవగల తేదీ: ఈ ఆరు వివరాలు రక్తం అవసరమైనప్పుడు నన్ను పిలవడానికి మాత్రమే వాడతారు. నన్ను అడగకుండా నా నంబరు ఎవరికీ ఇవ్వరు. ఈ నంబరుకు 'తీసేయండి' అని మెసేజ్ పెడితే 3 రోజుల్లో తీసేస్తారు."

ఇచ్చినంత తేలిగ్గా సమ్మతి వెనక్కి తీసుకోగలగాలి అన్నది చట్టంలోని మాట. ఒక్క మెసేజ్‌తో చేర్చుకుని, తీసేయడానికి మాత్రం ఉత్తరం రాసి పంపమంటే చెల్లదు. ఇప్పటికే ఉన్న 600 మందిని మళ్ళీ మొదటి నుంచి చేర్చుకోనక్కర్లేదు. ఇష్టపడి పేరిచ్చినవాళ్ళకు వీలైనంత త్వరగా ఈ నోటీసు పంపితే చాలు. తమంతట తాము ఇవ్వకుండా ఎక్కడి నుంచో వచ్చిన పేర్లు ఉంటే మాత్రం విడిగా అడగండి, జవాబు రాకపోతే తీసేయండి.

కరకట్ట

అందరికీ ధన్యవాదాలు. లింకు రెస్ట్రిక్టెడ్ చేశాం, రిమార్క్స్ పోయింది. ఇంకో రెండు సందేహాలు. షీటు ఒక కో-ఆర్డినేటరు సొంత జీమెయిల్‌లో ఉంది, ఆయన ఉద్యోగం మీద హైదరాబాద్ వెళ్ళిపోతున్నారు. రెండోది, దగ్గర్లోని కాలేజీ వాళ్ళు విద్యార్థుల బ్లడ్ గ్రూపుల లిస్టు మొత్తం ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

షీటు మాస్టారు

గ్రూపు పేరు మీద జీమెయిల్ తెరిచి, ఆయన చేత ఓనర్‌షిప్ దానికి మార్పించండి. షేర్ పెట్టెలో ట్రాన్స్‌ఫర్ ఓనర్‌షిప్ ఉంటుంది, అవతలి ఖాతాలో యాక్సెప్ట్ చేస్తేనే పూర్తవుతుంది. ఫారంకు ఈ పని మళ్ళీ విడిగా చేయాలి, షీటుతో పాటు అది రాదు. కొత్త ఖాతా పాస్‌వర్డ్ తొమ్మిది మందికీ పంచకండి. ఇద్దరి దగ్గర ఉంచి, టూ-స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో రుజువు కూడా అడిగే ఏర్పాటు) పెట్టి, పది బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద ప్రింటు తీసి మూడోవాళ్ళ బీరువాలో పెట్టండి. మిగతావాళ్ళకు వాళ్ళ వాళ్ళ మెయిల్ ఐడీకే షేర్ చేయండి. ఎవరు వెళ్ళిపోయినా ఒక్క పేరు తీసేస్తే సరిపోతుంది.

వెళ్ళే రోజునే షీటు, వాట్సాప్ అడ్మిన్, గ్రూపు నంబరు లింక్డ్ డివైసెస్, మూడింట్లోంచీ ఆయన్ను తీయాలి. మూడోది అందరూ మర్చిపోతారు, ఆయన ల్యాప్‌టాప్‌లో వాట్సాప్ వెబ్ తెరిచే ఉంటుంది. గ్రూపు సిమ్ రీచార్జి మాట కూడా ఎవరో ఒకరి పేరున రాయండి. 90 రోజులు వాడకం లేకపోతే సిమ్ డీయాక్టివేట్ అయ్యి, ఆ నంబరు తర్వాత ఇంకెవరికో వెళ్ళొచ్చు. వాట్సాప్‌లో ఆరంకెల పిన్ పెట్టుకోండి.

వకాల్తా

కాలేజీ లిస్టు వద్దనండి. విద్యార్థులు ఆ వివరాలు కాలేజీకి ఇచ్చారు, మీకు కాదు. పైగా ఇంటర్, డిగ్రీ మొదటి ఏడాదిలో 18 నిండనివాళ్ళు ఉంటారు. చట్టం ప్రకారం వాళ్ళు పిల్లలు, తల్లిదండ్రుల సమ్మతి రుజువుతో సహా కావాలి. ఎలాగూ 18 దాటకుండా రక్తం ఇవ్వలేరు, మరి ఆ పేర్లతో ఏం పని? ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసరును కలిసి మీ ఫారం క్యూఆర్ కోడ్ నోటీసు బోర్డు మీద పెట్టించండి. ఇష్టమైనవాళ్ళు చేరతారు. ఫారంలో పుట్టిన సంవత్సరం పక్కనే "నాకు 18 నిండాయి" అనే టిక్ ఒకటి తప్పనిసరి చేయండి.

టెంటు కింద టేబుల్

లింకు మూసేశారు సరే, దాతలకు చెప్పారా? చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చాక ఇలాంటిది జరిగితే దాతలకు ఆలస్యం లేకుండా చెప్పాలి, డేటా ప్రొటెక్షన్ బోర్డుకు వెంటనే కబురు చేసి 72 గంటల్లో పూర్తి వివరాలు ఇవ్వాలి. ఇప్పుడు ఆ నిబంధన లేకపోయినా చెప్పడమే మర్యాద, ముఖ్యంగా ఆధార్ నంబర్లు ఉన్నవాళ్ళకు. వాళ్ళకు ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి, మిగతావాళ్ళకు మెసేజ్ చాలు. "సాంకేతిక కారణాల వల్ల" లాంటి మాటలు పెట్టకండి, ఏం పోయిందో పేరు పెట్టి చెప్పండి:

"మన రక్తదాతల షీటు లింకు కొన్ని నెలలుగా బయటివాళ్ళకు కూడా తెరుచుకుంది. అందులో మీ పేరు, తండ్రి పేరు, ఫోన్, పుట్టిన తేదీ, అడ్రసు, బ్లడ్ గ్రూపు, చివరగా రక్తం ఇచ్చిన తేదీ, రిమార్క్స్‌లో మీ గురించి ఏమైనా రాసి ఉంటే అదీ ఉన్నాయి. లింకు ఇప్పుడు మూసేశాం. రక్తదాతల గ్రూపు పేరు చెప్పి ఎవరైనా డబ్బు గాని ఓటీపీ గాని అడిగితే ఇవ్వకండి, మేము ఎప్పుడూ అడగం. ఇకపై మా కాల్ ఈ ఒక్క నంబరు నుంచే వస్తుంది. పేరు తీసేయాలంటే 'తీసేయండి' అని జవాబివ్వండి."

ఆధార్ ఉన్నవాళ్ళకు ఫోన్‌లో ఇంకో మాట చెప్పండి: ఆధార్ అధికారిక యాప్‌లో బయోమెట్రిక్ లాక్ ఉంటుంది, అది పెట్టుకుంటే వేలిముద్రతో వాళ్ళ పేరు మీద ఎవరూ పని జరుపుకోలేరు. రేషను, పింఛను వేలిముద్ర వేసేటప్పుడు కాసేపు అన్‌లాక్ చేసుకోవాలి. ఇది చెప్పకపోతే ఒకటో తేదీన పింఛను దగ్గర పెద్దవాళ్ళు ఇబ్బంది పడతారు.